తేగ వాసన వచ్చే అన్నం

జపాను వంట నేర్చుకోవడానికి నేను జపాను వెళ్ళలేదు. తెనాలిలో రైలెక్కి విజయనగరంలో దిగి, అక్కణ్ణించి రెండు బస్సులు మారి, శ్రీకూర్మం దాటాక సముద్రం వైపు నడుచుకుంటూ వెళ్ళాను. ఈ మాట చెబితే మా కాలేజీ స్టాఫ్ రూములో ఒకావిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. నమ్మిన ఒకరిద్దరు మాత్రం, అయితే మేమూ వేసవి సెలవుల్లో వెళ్ళిరావచ్చా అని అడిగారు. వెళ్ళవచ్చు. ఊరు అక్కడే ఉంది, మనుషులు మంచివాళ్ళు, చేపలు చవక. కాని నేను దేనికోసం వెళ్ళానో అది ఇప్పుడక్కడ లేదు. నేనుండగానే, నా కళ్ళముందే పోయింది. ఆ బాధ ఎవరితోనన్నా చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

నేను ఆడపిల్లల కాలేజీలో గృహవిజ్ఞానం చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఆ శ్రద్ధంతా తిండి మీద పెట్టానని మా అన్నయ్య వెక్కిరిస్తాడు. ఎక్కడ ఏం వండుతారో తెలుసుకోవడం నాకు పిచ్చి. నాతో చదువుకున్న శారద ఇప్పుడు విజయనగరంలో పనిచేస్తోంది. ఆమె బంధువొకాయన బర్మా నుంచి వచ్చిన కాందిశీకులకు ఇళ్ళ స్థలాలు చూపించే పనిలో ఉండేవాడు. వచ్చినవాళ్ళలో ఒక జపాను ఆవిడ ఉందనీ, చనిపోయిన భర్తది శ్రీకూర్మం దగ్గర పల్లెటూరనీ, ఆవిడ ఇప్పుడు ఆడపడుచుతో ఆ ఊళ్ళోనే ఉంటోందనీ ఆయన చెప్పాడట. అన్నానికి బూజు పట్టించి దాంతో చారు కాస్తుందని కూడా చెప్పాడు. ఆ ఆఖరి మాట విన్న తరువాత నాకు నిద్ర పట్టలేదు.

విజయనగరం

రైలు తెల్లవారుతూ చేరింది. స్టేషను బయట పదిహేను పైసలిచ్చి తాగిన కాఫీ నీళ్ళకీ పాలకీ మధ్య ఎక్కడో ఉంది. శారద వాళ్ళమ్మగారు మాత్రం ఆ లోటు మధ్యాహ్నం భోజనంలో తీర్చేశారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, నువ్వుల పొడి చల్లిన వంకాయ, బెల్లం వేసిన పులుసు. మా వైపు పులుసులో అంత బెల్లం వేస్తే దాన్ని పాయసానికి చుట్టం అంటాం. నేను ఆ మాటే అంటే ఆవిడ నవ్వి, మీ గుంటూరు జిల్లా వాళ్ళు కూరలో మిరపకాయ వేస్తారా, మిరపకాయల్లో కూర వేస్తారా అని అడిగారు. ఆవిడ వడ్డించిన ఆవ ఘాటుకి నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, కారం తినేవాళ్ళు కదమ్మా, ఇదో లెక్కా అని ఇంకో గరిటె వేశారు.

సాయంత్రం శారదా నేనూ బజారు వెళ్ళి శనగలు కొన్నాం. ఆ జపాను ఆవిడ బూజు అన్నంతో కలిపి చేసే ముద్దకి శనగలు కావాలని ఆ బంధువు చెప్పాడు. కొట్టులో సేటు రాజాం నుంచి ఆ ఉదయమే దిగిన సరుకని ప్రమాణం చేశాడు. ఇంటికి వచ్చి చేటలో పోస్తే పావు వంతు పురుగు. నా చదువు నాకు కొట్లో ఎప్పుడూ అక్కరకి రాదు.

శ్రీకాకుళం బస్సు

ఏజెన్సీ వైపు గొడవల వల్ల దారిలో ఒకచోట పోలీసులు బస్సాపి సంచులు చూశారు. నా సంచిలో తెనాలి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత వదులై, నూనె చీరకీ, శనగల మూటకీ కారింది. పోలీసతను ఆ సంచిలో చెయ్యి పెట్టి, తీసి, వేళ్ళు వాసన చూసుకుని దిగిపోయాడు. బస్సంతా నవ్వింది.

నా పక్కన కూర్చున్న ముసలమ్మ చుట్ట కాలుస్తోంది. కాలుస్తోందని నాకు తెలియడానికి కొంతసేపు పట్టింది. ఎందుకంటే నిప్పున్న కొస నోట్లో ఉంది. ఇక్కడి ఆడవాళ్ళు దీన్ని అడ్డపొగ అంటారు. మా వైపు ఆడవాళ్ళు చుట్ట కాల్చడమే తక్కువ, నిప్పు నోట్లో పెట్టుకోవడం నేను వినలేదు. కాలదా అని అడిగితే ఆమె చుట్ట తీసి, కాలితే పెట్టుకుంతానేటి అని మళ్ళీ పెట్టుకుంది.

శ్రీకూర్మం దాటాక

శ్రీకూర్మంలో దిగి స్వామిని చూసుకున్నాను. అక్కణ్ణించి ఇసక బాట. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంటే ఎదురుగా ఇంకో ఆడమనిషి, నోట్లో ఇంకో అడ్డపొగ. వయసు అరవై దాటి ఉంటుంది, నడక మాత్రం కూలిపిల్ల నడక. దగ్గరికి వచ్చి నా చీర మీద నూనె మరకని చూడకుండానే, గోంగూరా అని అడిగింది. నువ్వులనూనె తిరగమోత, వెల్లుల్లి కొద్దిగా మాడింది అని కూడా చెప్పింది. నిజమే, మా వదిన ఆ రోజు వెల్లుల్లి మాడ్చింది.

ఆవిడే అప్పలనరసమ్మ, నేను వెతుక్కుంటూ వచ్చిన జపాను ఆవిడకి ఆడపడుచు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి అక్కడో పూరింట్లో ఉంటోంది. శారద బంధువు ముందే కబురు పంపాడట, పంతులమ్మవా అని నిర్ధారించుకుని, నా సంచి లాక్కుని ముందు నడిచింది.

జపాను ఆవిడ పేరు కియో. ఊళ్ళో కియ్యమ్మ. వెనకాల మాత్రం అందరూ రంగం మనిషి అంటారు. రంగూనుని ఇక్కడ రంగం అనే అంటారు. చిన్న మనిషి, ముతక నేత చీర, నెరిసిన జుట్టు గట్టిగా ముడి. తండ్రి రంగంలో ఫొటోలు తీసే కొట్టు పెట్టుకుంటే చిన్నప్పుడే అక్కడికి వచ్చిందట. అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తాగా ఉన్న సింహాచలాన్ని చేసుకుంది. యుద్ధం అయ్యాక తనవాళ్ళంతా వెళ్ళిపోయినా తను ఉండిపోయింది. మూడు నాలుగేళ్ళ కిందట అందరితోపాటు ఓడలో విశాఖపట్నం వచ్చారు. అక్కడ కాందిశీకుల పాకల్లో ఉండగానే సింహాచలం జ్వరంతో పోయాడు. ఆ జ్వరమే ఆవిడకీ వచ్చి, ప్రాణం తీయకుండా వదిలి, ముక్కుకి వాసన తెలియకుండా చేసి పోయింది. తమ్ముడి కబురు ఆలస్యంగా తెలిసి అప్పలనరసమ్మ వెళ్ళి మరదల్ని వెంటబెట్టుకు వచ్చింది.

జపాను ఆవిడ తెలుగు ఎలా మాట్లాడుతుందోనని నేను దారంతా అనుకుంటూ వచ్చాను. ఆవిడ నా కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అందిస్తూ, ఎండలో వొచ్చినారు, తరవాణి తాగుతారా అంది. శ్రీకాకుళం మాట నాకంటే నూరురెట్లు ఆవిడకే వచ్చు.

పక్కింటి అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. సూరన్న తాత, సింహాచలానికి చిన్నాన్న. దాయాదుల్లో పెద్ద. నన్ను పలకరించి, లోపలికి కేకేశాడు: "కోడలా, సుట్టం వొచ్చింది గదా, నాకూ ఓ ముక్క సేప పంపు." అప్పలనరసమ్మ నా చెవిలో, ఆడొక్కడే దాన్ని కోడలా అంతాడు అని చెప్పింది. నేను అప్పుడా మాట పట్టించుకోలేదు.

తవుడు కుండ

ఆ సాయంత్రమే కియో నన్ను వంటింట్లోకి రానిచ్చింది. నేను నేర్చుకున్నవి చెబుతాను.

మొదటిది అన్నం. మనం ఎసట్లో బియ్యం పోసి గంజి వారుస్తాం. ఆవిడ నీళ్ళు వేలి గీతతో కొలిచి పోసి, మూత పెట్టాక ఇక తీయదు. నేను అలవాటు చొప్పున ఉడికిందా అని మూత తీయబోతే చేతి మీద చిన్న దెబ్బ వేసింది. గంజి పోగొట్టుకోవడం ఆవిడకి బొత్తిగా గిట్టదు. గంజి తాగని మనిషి అప్పలనరసమ్మకి గిట్టదు. అందుకని ఆ ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు అన్నాలు.

రెండోది నెత్తళ్ళ నీళ్ళు. ఎండు నెత్తళ్ళకి తలా పొట్టా గిల్లేసి, నీళ్ళలో నానేసి, ఆ నీళ్ళనే సన్న సెగ మీద కాస్తుంది. వేయించడం, పోపు, పసుపు ఏమీ లేవు. మేం చేప తినేవాళ్ళమే అయినా నాకు ఆ నీళ్ళు రోగికి పెట్టే పథ్యంలా అనిపించాయి.

మూడోది తవుడు కుండ. మిల్లు నుంచి తెచ్చిన తవుడు దోరగా వేడిచేసి, ఉప్పునీళ్ళతో తడిపి కుండలో పెట్టింది. అందులో ముల్లంగి, దోసకాయ పాతేస్తే ఒకటి రెండు రోజుల్లో పుల్లగా ఊరతాయి. రోజూ చేత్తో కలపాలి. ఊళ్ళోవాళ్ళు గొడ్ల తిండి తింటోందని నవ్వేవారట. సూరన్న తాత ఒకసారి అడిగి పెట్టించుకుని తిన్న తరువాత నవ్వడం మానేశారు.

ఇక ఆఖరిది, అసలుది. మూలనున్న జాడీ అడుగున ఇటిక రంగు ముద్ద కొంచెం మిగిలి ఉంది. బూజు పట్టించిన అన్నం, ఉడికించి దంచిన శనగలు, ఉప్పు కలిపి నెలల తరబడి మాగబెట్టింది. తన ఊళ్ళో వేరే గింజతో చేసేవారట, ఇక్కడ శనగతో సర్దుకుంది. నెత్తళ్ళ నీళ్ళలో ఆ ముద్ద చిన్న ఉసిరికాయంత కలిపి, ఆనపకాయ ముక్కలు వేసి, తెర్లనివ్వకుండా దింపేసింది. గిన్నె నా చేతికిచ్చింది. కారం ఏదీ అని అడగబోయి, తాగాను.

ఆ రుచి ఇదీ అని చెప్పలేను, తరువాత కూడా చెప్పలేకపోయాను. మొదట ఉప్పే తెలిసింది. తరువాత నోరంతా నిండిపోయింది. గిన్నె ఖాళీ అయ్యాక సిగ్గు విడిచి ఇంకొంచెం అడిగాను.

ఆవిడా తాగింది. మరి వాసన తెలియదు కదా, మీకేం రుచి తెలుస్తుంది అని అడిగాను. ఉప్పు తెలుస్తాది, అంతే, మిగతాది గొంతులో దిగినప్పుడు గురుతుకొస్తాది అంది. అప్పలనరసమ్మ గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది. మీరు తాగరా అంటే, బూజుముద్ద నాకెందుకే, వొచ్చే యేడు సూత్తాన్లే అంది. ఏటా అదే మాటట.

వాసన చూసే మనిషి

ఆ బూజు ఏదో ఒక బూజు కాదు. దానికి విత్తు ఉంది. పట్టించిన అన్నంలో గుప్పెడు పక్కనపెట్టి, పెసర రంగు పొడి దేరేదాకా పండనిచ్చి, చింతకట్టె బూడిదతో కలిపి చిన్న కుండలో దాస్తుంది. మరుసటేడు ఆ పొడే విత్తనం. రంగం నుంచి ఓడలో వచ్చినప్పుడు నగలు పోయాయిగాని ఆ కుండ చీరల మూటలో వచ్చింది. నిరుడు తుఫానులో తడి తగిలి పంట పట్టలేదు. ఇప్పుడున్నది రెండేళ్ళ నాటి విత్తు. బలం తగ్గిందేమోనని ఈసారి ఉన్నదంతా వేసేస్తానంది. పట్టితే మళ్ళీ విత్తు చేసుకోవచ్చు. పట్టకపోతే ఇక ఎప్పటికీ లేదు. మన దేశంలో అడగడానికి ఇంకో ఇల్లు ఆవిడకి తెలియదు.

రాత్రి నానేసిన బియ్యాన్ని తెల్లారి గుడ్డలో మూటగట్టి, మనం కుడుములు ఉడికించినట్టు ఆవిరి మీద ఉడికించింది. బుట్టలో ఆరబోసి, చేతికి ఒంటి వేడి తగిలేదాకా ఆగి, విత్తు పొడి చల్లి రెండు చేతులా మెల్లిగా రుద్దింది. పొందూరు గుడ్డలో చుట్టి, బుట్ట మీద పాత దుప్పటి కప్పింది. ఆ తరువాత చేయవలసిన పని ఆవిడ చేతిలో లేదు. అది అప్పలనరసమ్మ ముక్కు పని.

అడ్డపొగ కాల్చే మనిషి ముక్కు మీద ఆధారపడటమేమిటని నాకు అనుమానం. బుట్ట దగ్గరికి వచ్చేటప్పుడు ఆవిడ చుట్ట బయట పెట్టి, నోరు పుక్కిలించి, కాసేపు సముద్రం గాలికి నిలబడి వచ్చేది. దుప్పటి అంచు ఎత్తి, కళ్ళు మూసుకుని, ఒకే ఒక్క ఊపిరి. ఆ సాయంత్రం తడిగోనె అంది, అంటే ఇంకా పట్టలేదన్నమాట. మరునాడు పొద్దున్నా తడిగోనె అంది. కియో గడ్డలు విడదీసి మళ్ళీ కప్పింది. నేను మధ్యలో ఆత్రం పట్టలేక దుప్పటి ఎత్తబోయి ఇద్దరిచేతా తిట్లు తిన్నాను. గాలి తగిలితే సలిపట్టేస్తాదే పంతులమ్మా, పిల్ల పుట్టినింట్లో తలుపు తీత్తారేటి అంది అప్పలనరసమ్మ.

ఆ రోజు మధ్యాహ్నం సూరన్న తాతకి కియో ఉప్పు పెట్టి కాల్చిన చేపముక్క పంపింది. నేనే పట్టుకెళ్ళాను. ఆయన ఆనందంగా తిని, ముళ్ళు వరసగా ఆకు మీద పెట్టి, మా కోడలి సెయ్యి మంచిది, నోరే లేదు అన్నాడు.

దీపాలు పెట్టే వేళ అప్పలనరసమ్మ మళ్ళీ దుప్పటి ఎత్తింది. ఈసారి ఊపిరి తీసుకుని వెంటనే వదల్లేదు. రెండోసారి కూడా పీల్చింది. అప్పుడు మరదలి వైపు తిరిగి, "తేగ. ఉడకేసిన తేగ వాసనొత్తన్నాది. పట్టినాదే కియ్యమ్మా" అంది.

కియో నేల మీద చతికిలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. కొంతసేపటికి లేచి నా చెయ్యి పట్టుకుని బుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. మెతుకు మెతుక్కీ తెల్లటి నూగు. వంగి వాసన చూశాను. నిజంగా తేగలే, కుండలో తంపట వేసి ఉడికించి తీసిన తేగలు. మరునాడు పొద్దున్న విత్తుకని ఒక గుప్పెడు వేరు చేసి చిన్న బుట్టలో కప్పాం. అది పండటానికి ఇంకా రెండు రోజులు కావాలి. నేను తెచ్చిన శనగల్లో పురుగు లేనివి ఏరి నానేశాం. మరునాడు ఉడికించి దంచి ముద్ద కలపాలని, నాచేతే కలిపిస్తానని కియో అంది.

కుండలు

ఆ మరునాటి తెల్లవారుజామున పక్కింట్లో ఏడుపు వినిపించింది. సూరన్న తాత నిద్రలోనే పోయాడు.

ఆ ఊరి ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. మా తెనాలి వైపు మా ఇళ్ళల్లో అయితే, మనిషి పోయిన ఇంట్లోనే వండినవీ కుండలూ పారేస్తారు. అక్కడ దాయాదుల ఇళ్ళన్నింట్లోనూ, మైల పట్టేవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ, నీళ్ళతో ఉడికినదేదీ ఉంచరు. పచ్చి గింజ, ఉప్పు, నూనెలో ఊరేవి ఉండవచ్చు. ఉడికినవన్నీ కుండతో సహా బయటికి వెళ్ళాలి. దాయాదుల్లో పెద్దామె పైడమ్మ ఆ పొద్దున ఇంటింటికీ వచ్చి ఆ పని చేయిస్తోంది. ఏడుస్తూనే చేయిస్తోంది, చనిపోయినాయన ఆమెకి స్వయానా బావ.

మా గుమ్మంలోకి వచ్చి ఆగింది. అప్పలనరసమ్మ బుట్టకి అడ్డంగా నిలబడి ఉంది. అది అన్నం కాదు, విత్తనమని వాదించడానికి మాట సిద్ధం చేసుకుందని తరువాత నాకు చెప్పింది. ఆ అవసరం రాలేదు. పైడమ్మే అంది: "ఈ ఇంట్లో మైల పట్టీదెవులే? నువ్వు ఇంకోలింటికి పోయిన ఆడపడుసువి. ఇంక ఉన్నాది రంగం మనిషి. దానికి మైలేటి. మీ ఇంటికి ఏటీ అక్కర్లేదు, ఊరుకోండి."

మంచి మనసుతోనే అంది. ఆ ముద్ద సంగతి ఊరందరికీ తెలుసు, దాన్ని పారేయించడం ఆమెకీ ఇష్టం లేదు. అప్పలనరసమ్మ ముఖం వెలిగింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. పైడమ్మ పక్క వీధికి తిరిగింది.

కియో అప్పటిదాకా పొయ్యి దగ్గర నిలబడి వింటోంది. వచ్చి, బుట్ట మీది దుప్పటి తీసి మడిచి పక్కన పెట్టింది. పెద్ద బుట్ట ఎత్తింది. దాని మీదే చిన్న బుట్ట పెట్టుకుంది. అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుంది. ఒసే, ఇంకోపాలి దొరకదే, ఆలే ఒగ్గీసినారు గదా, నీకేటి అని బతిమాలింది. నేనూ ఊరుకోలేదు. ఇది ఒక రకం శిలీంధ్రమనీ, వండిన అన్నంగా దీన్ని లెక్కపెట్టకూడదనీ పాఠం మొదలుపెట్టాను. ఆవిడ నా మాట పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగి, ఆడపడుచుతో మాట్లాడింది.

"వొదినా, మీ తమ్ముడు పోయినప్పుడు ఈ మైల సంగతి నాకు సెప్పినోలు లేరు. ఆ దినం ఈ విత్తుకుండ మూటలో ఉంచుకొని అన్నం వొండుకు తిన్నాను. ఇప్పుడు తెలుసును గదా. నన్ను కోడలా అని పిలిసినోడు ఆయనొక్కడే. ఆయన పోతే నాకు మైల లేదంతే, మరి నేనెవుర్ని?"

అప్పలనరసమ్మ చెయ్యి వదిలేసింది.

వీధి చివర పెంట దగ్గర అప్పటికే ఐదారు ఇళ్ళ కుండలు పగిలి ఉన్నాయి. కియో రెండు బుట్టలూ బోర్లించింది. తిరిగి వచ్చి, జాడీ తీసుకెళ్ళి అదీ బోర్లించింది. అడుగున పట్టి ఉన్నదాన్ని వేలితో గీకి మరీ తీసింది. తేగ వాసన ఆ వీధంతా వేసింది. కోళ్ళు వచ్చి ఆ తెల్లటి గడ్డల్ని కాళ్ళతో చిందరవందర చేసి తిన్నాయి. నేను చూడలేక ఇంట్లోకి వచ్చేశాను. నానేసిన శనగలు గిన్నెలో ఉబ్బి ఉన్నాయి.

కాసేపటికి అప్పలనరసమ్మకి ఒక ఆశ తోచింది. పంతులమ్మకి ఏ మైలా లేదు, ఓ గుప్పెడు ఏరి పట్టుకెళ్ళనీ అంది. కియో కాదనలేదు. మీరు పట్టుకెళ్ళండి, గాని పచ్చిది, పండనేదు, మొలవదేమో అని మాత్రం అంది. కోళ్ళు తొక్కని చోట గుప్పెడు ఏరి ఆకులో చుట్టుకున్నాను. అది తెనాలి చేరేసరికి నల్లగా, బంకగా, కంపు కొట్టింది. ఒక్క మెతుక్కి మాత్రం ఆకుపచ్చ నూగు కనిపిస్తే, దాంతో ఆవిడ చేసినట్టే అన్నీ చేశాను. వచ్చింది తడిగోనె వాసనే. మళ్ళీ చేశాను, మళ్ళీ తడిగోనె. నా పక్కన నిలబడి అది తడిగోనో తేగో చెప్పే ముక్కు నాకు లేదని కొన్నాళ్ళు సరిపెట్టుకున్నానుగాని, నాకు బాగానే తెలుసు.

తవుడు కుండలో నీళ్ళతో ఉడికినదేదీ లేదు కనక అది ఉండిపోయింది. అందులోంచి దోసిలి తవుడు అడిగి తెచ్చుకున్నాను. అది మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, రోజూ కలుపుతాను. మా వదిన దాన్ని వంటింట్లోకి రానివ్వదు.

తిరుగు బస్సు

మైల పట్టిన ఇంట్లో చుట్టం ఉండకూడదు. నేను మధ్యాహ్నమే బయలుదేరాను. శవం లేచాక దాయాది ఆడవాళ్ళంతా తలారా స్నానం చేసి సూరన్న తాత అరుగు మీద తడిబట్టలతో వరసగా కూర్చున్నారు. కియో కూడా స్నానం చేసి వచ్చి, కొంచెం ఎడంగా, అరుగు కింద నిలబడింది. ఎక్కడ కూర్చోవాలో ఆవిడకి తెలియదు. పెంట దగ్గర ఏం జరిగిందో అప్పటికి అందరికీ తెలుసు. పైడమ్మ తలెత్తి చూసింది.

"జరగండే," అంది పక్కవాళ్ళతో. "కోడలికి సోటియ్యండి."

వాళ్ళు జరిగారు. ఆవిడ ఎక్కి కూర్చుంది. నేను దూరం నుంచే చెయ్యెత్తాను. మైలలో ఉన్నవాళ్ళు వెళ్ళిరమ్మని చెప్పకూడదట, ఆవిడ చెప్పలేదు. తల కొద్దిగా వంచింది.

శ్రీకూర్మం దాకా అప్పలనరసమ్మ సాగనంపడానికి వచ్చింది. దారంతా చుట్ట వెలిగించలేదు. నేను ఆవిణ్ణి ఓదార్చబోయి, పోనివ్వండి, ఆవిడ కోరుకున్నది ఆవిడకి దక్కింది కదా అన్నాను. దక్కింది, ఎవులు కాదన్నారు అంది. బస్సు దుమ్ము కనిపించాక నా వైపు తిరిగింది.

"పంతులమ్మా, అదేటి రుసి?"

 ఉప్పగా ఉంటుందని మొదలుపెట్టి ఆగిపోయాను.

"ఇన్నాల్లు వాసన సూసినాను గాని ఒక్కపాలీ నోట్లో ఏసుకోనేదు. యేటా వొచ్చే యేడు, వొచ్చే యేడు అన్నాను. నిన్న రేతిరి నువ్వు పడుకున్నాక కియ్యమ్మ అడిగింది, వొదినా, ఈపాలి మొదటి గిన్నె నీకే అని. సరే అన్నాను."

బస్సు వచ్చి ఆగింది. ఆవిడ నా సంచి లోపల పెట్టి, కిటికీ దగ్గర నిలబడింది. వాసన ఆవిడకి తెలుసు, రుచి నాకు తెలుసు. ఆ రెండూ ఎరిగి, రెండూ పోగొట్టుకున్న మనిషి ఆ అరుగు మీద దాయాది ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని ఉంది. బస్సు కదిలేదాకా అప్పలనరసమ్మ జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూనే ఉంది.